శనివారం రాత్రి సైట్ థీమ్ అప్‌డేట్

అందరికీ నమస్కారం. మన పూర్వ విద్యార్థుల సైట్ థీమ్‌ని (సైట్ ఎలా కనిపించాలో నిర్ణయించే ఫైళ్లు) శనివారం రాత్రి 10 గంటలకు అప్‌డేట్ చేస్తున్నాం. ఒక గంట ఎవరూ లాగిన్ అవ్వొద్దు.

మన సైట్ నడిచే వర్డ్‌ప్రెస్‌లో అసలు థీమ్ ఫైళ్లలో నేరుగా చేసిన మార్పులు అప్‌డేట్‌తో పోతాయి. అలా కోడ్ ముట్టుకున్నవాళ్లు శుక్రవారంలోగా వాటిని మన చైల్డ్ థీమ్‌లోకి (అసలు థీమ్‌ని ముట్టుకోకుండా మన మార్పుల్ని విడిగా ఉంచేది) మార్చేయండి. ముందు బ్యాకప్!

శీర్షికల్లో ఒత్తులు తెగిపోతున్నాయని చాలామంది అడిగారు. ఫాంట్ తప్పేం లేదు. లైన్ హైట్ (అక్షరాల సైజుతో పోలిస్తే ఒక్కో వరుసకి ఇచ్చే ఎత్తు) 1.2 ఉంది. ఇంగ్లిష్‌కి అది చాలు, మన ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ పట్టాలంటే చాలదు. 1.6 చేస్తున్నాం.

ఆదివారం చూసేముందు బ్రౌజర్ కాష్ (బ్రౌజర్ దాచుకున్న పాత పేజీల కాపీలు) క్లియర్ చేయండి. తేడా ఉంటే స్క్రీన్‌షాట్, ఫోన్ మోడల్ పెట్టండి. ‘పనిచేయట్లేదు’ అని ఒక్క ముక్క రాస్తే మాకేం అర్థం కాదు మరి 🙂