ఈల మోగాక ఇరవై సెకన్లు: హాకీ రింకులో పెప్ బ్యాండ్ పాటలు

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టులో అమెరికా చదువులకు బయల్దేరే పిల్లల కోసం ఏటా పత్రికల్లో సామాన్ల జాబితాలు, వీసా సూచనలు, అద్దె ఇళ్ల సంగతులు వస్తుంటాయి. వాటి పక్కన ఈ ఉత్తరానికీ కాస్త చోటివ్వండి. మన పిల్లల్లో క్లారినెట్, శాక్సఫోన్, కీబోర్డు, డ్రమ్స్ నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. అక్కడ అడుగుపెట్టగానే చాలామంది వాద్యాన్ని మూలన పడేస్తారు. ఉత్తరాది రాష్ట్రాల కాలేజీల్లో ఐస్ హాకీ రింకులో (మంచు మైదానంలో) మ్యాచ్‌లకు వాయించే పెప్ బ్యాండ్‌లో వాళ్లకు చోటు దొరుకుతుంది. కాకపోతే అక్కడ పాటల లెక్క వేరు. ఆ లెక్క అందక తొలి నెలలోనే మానేసే కుర్రాళ్లున్నారు, "ఎప్పుడూ అవే నాలుగు పాటలా" అని విసుక్కునే ప్రేక్షకులున్నారు, "మన పాట ఒకటి వాయించరూ" అని అడిగి చిన్నబుచ్చుకునే తెలుగు విద్యార్థి సంఘాలున్నాయి. అందరికీ మేం చెప్పేది ఒకటే. హాకీలో ఒక పాట నిలవాలంటే రెండు సెకన్లలో మొదలవ్వాలి, ఎక్కడ ఆపితే అక్కడ ఆగాలి. ఆ పాట ఎంత గొప్పదన్నది ఆ తర్వాతి మాట.

ఆట నడక చూస్తే కారణం తెలుస్తుంది. ఒక్కొక్కటి 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. పక్ (కర్రలతో కొట్టే రబ్బరు బిళ్ల) కదులుతున్నంతసేపూ బ్యాండు వాయించకూడదు. రిఫరీ ఈల, తోటివాళ్ల కేకలు ఆటగాళ్లకు వినపడాలి. ఈల మోగింది మొదలు మళ్లీ పక్ వేసేదాకా ఉన్న వ్యవధే బ్యాండుది. ఆఫ్‌సైడ్‌కో (పక్ కన్నా ముందే ఆటగాడు దాడి గీత దాటడం), పక్ గోలీ చేతిలో ఆగిపోయినప్పుడో ఆ వ్యవధి పదిహేను ఇరవై సెకన్లకు మించదు. ఐసింగ్ (తమ సగం నుంచి పక్‌ను అవతలి గోల్ గీత దాటేలా కొట్టేయడం) అయితే తప్పు చేసిన జట్టు ఆటగాళ్లను మార్చుకోవడానికి వీల్లేదు కాబట్టి ఇంకా తొందరగా ముగుస్తుంది. పెనాల్టీ పడితే అర నిమిషం దొరకొచ్చు. జట్టు టైమవుట్ తీసుకుంటే ఒక నిమిషం. పీరియడ్ల మధ్య విరామం దాదాపు పావుగంట, అందులో మంచును చదును చేసే జాంబోనీ తిరుగుతుంది. ఒక పాట పూర్తిగా వాయించే వీలు ఆ విరామంలోనే ఉంటుంది. మిగతా రాత్రంతా ముక్కలే.

అందుకని ప్రతి పాటకూ రెండు రూపాలు ఉండాలి: విరామానికి నిండు పాట, ఈలకు ఎనిమిది బార్ల (తాళపు ఆవర్తాల) ముక్క. ముక్కలో పీఠిక ఉండకూడదు. సినిమా పాటల్లో పల్లవికి ముందు సంగీతం ఇరవై సెకన్లు సాగుతుంది. దాన్ని అలాగే ఎత్తుకుంటే పల్లవి అందేలోపే పక్ పడిపోతుంది, జనం గొంతు కలపాల్సిన చోటు రాకుండానే పాట తెగిపోతుంది. కొత్తగా చేరిన అరేంజర్లు (పాటను బ్యాండు వాద్యాలకు తగ్గట్టు రాసేవాళ్లు) మొదట చేసే పొరపాటు ఇదే.

ఈ పరీక్షకు నిలిచిన పాటల్లో అందరికీ తెలిసింది ద వైట్ స్ట్రైప్స్ వారి 2003 నాటి 'సెవెన్ నేషన్ ఆర్మీ'. ప్రాణమంతా ఏడు స్వరాల్లో ఉంది. మన లెక్కలో రాస్తే: స స గ స ని ద ప. చివరి మూడూ మంద్ర స్థాయిలో, నఠభైరవి స్వరాలతో. సూసాఫోన్లు (ఒంటికి చుట్టుకునే పెద్ద ఇత్తడి బాకాలు), ట్రాంబోన్లు ఆ వరస మొదలుపెట్టిన రెండో సెకనుకే ఐదు వేలమంది "ఓ" అంటూ అందుకుంటారు. సాహిత్యం అక్కర్లేదు, ట్రంపెట్లు పెదవులు అలవకుండా ఊరుకోవచ్చు, ఏ స్వరం మీద ఆపినా వెలితిగా ఉండదు. బ్రూస్ ఛానెల్ పాడిన 'హే! బేబీ'కి బలం వేరే: పల్లవిలో సాగదీసిన ఒక్క స్వరం, దాని మధ్య జనం కేకకు ఖాళీ. ఆ ఖాళీలో బ్యాండు వాయించకూడదు. ఖాళీని డ్రమ్ముతో నింపేస్తే జనం నోరు మూసుకుంటారు.

గోల్ పడినప్పుడు మాత్రం ఎంపిక లేదు, కాలేజీ ఫైట్ సాంగే, అంటే జట్టును ఉత్సాహపరిచే ఆ కాలేజీ సొంత పాట. మిషిగన్ విశ్వవిద్యాలయానికి 1898లో లూయీ ఎల్బెల్ అనే విద్యార్థి కట్టిన 'ద విక్టర్స్', మిన్నెసోటాకు 1909 నాటి 'మిన్నెసోటా రౌజర్'. రౌజర్ చివర్లో జనమంతా రాష్ట్రం పేరును ఒక్కో అక్షరంగా అరుస్తారు. కార్నెల్ వాళ్లు 1904 నాటి బ్రాడ్‌వే పాట బాణీకి సొంత మాటలు కట్టుకుని 'డేవీ'గా పాడుకుంటారు. ఇందులో బ్యాండు తెలుసుకోవాల్సింది సమయం. గోల్ హారన్ మోగుతుండగా మొదలుపెడితే మొదటి రెండు బార్లు ఎవరికీ వినపడవు. హారన్ తగ్గుతుండగా డ్రమ్మర్ నాలుగు దెబ్బలు వెయ్యాలి, అది ఆగేసరికి ట్రంపెట్లు ఎత్తుకోవాలి. గోల్ చెల్లుతుందో లేదో రిఫరీలు వీడియో చూస్తుంటే ఫైట్ సాంగ్ పట్టుకుని ఉండాలి. వాయించేశాక గోల్ రద్దయితే రింకంతా చప్పబడిపోతుంది.

ఇక విరామపు పాటలు. మా అభిప్రాయంలో హాకీ బ్యాండ్ల అసలు రుచి అక్కడే. మిషిగన్ రాష్ట్రం ఉత్తర కొసన, ఒకప్పటి రాగి గనుల ప్రాంతంలో, హౌటన్ అనే చిన్న ఊరుంది. చలికాలంలో మనిషి ఎత్తును మించి మంచు పడే చోటు. అక్కడి మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయం 1962, 1965, 1975లలో జాతీయ హాకీ విజేత. వాళ్ల హస్కీస్ పెప్ బ్యాండు నలుపు, పసుపు చారల ఓవరాల్స్ వేసుకుని వస్తుంది. విరామంలో 'బ్లూ స్కర్ట్ వాల్ట్జ్' ఎత్తుకుంటే గ్యాలరీలో జనం చేతులు కలుపుకుని ఇటూ అటూ ఊగుతారు. 1949లో ఫ్రాంకీ యాంకోవిక్ వాయించి దేశమంతా వినిపించిన బాణీ అది, మూడు దెబ్బల నడక. నెమ్మదైన వాల్ట్జ్‌కు హాకీలో ఏం పని అనిపిస్తుంది. మంచు మీద జాంబోనీ తిరుగుతున్నప్పుడు, రెండు పీరియడ్లు అరిచి అలసిన గొంతులకు అదే సరైన పాట. అదే బ్యాండు వాయించే 'ఇన్ హెవెన్ దేర్ ఈజ్ నో బీర్' అనే జర్మన్ పోల్కాను అక్కడివాళ్లు రాగి సీమ గీతం అంటారు. విస్కాన్సిన్‌లో ఒక పాత బీరు ప్రకటన బాణీనే పోల్కాగా మార్చి, ఆఖరి మాటలో బీరు పేరు తీసి తమ రాష్ట్రం పేరు పెట్టుకున్నారు. జర్మనీ, ఫిన్లాండ్, స్లొవేనియాల నుంచి గనులకూ పొలాలకూ వలసొచ్చిన కుటుంబాల ప్రాంతాలు ఇవి. పోల్కా, వాల్ట్జ్ వాళ్ల పెళ్లిళ్ల సంగీతం. కొత్తగా వచ్చిన మన పిల్లలు ఇవి పాతకాలపు పాటలని పక్కన పెట్టకుండా ముందు వీటినే నేర్చుకోవాలి.

వాయించకూడని పాట కూడా ఒకటుంది. 1972 నాటి 'రాక్ అండ్ రోల్ పార్ట్ 2' దశాబ్దాలపాటు చాలా రింకుల్లో గోల్ పాటే. మాటలు లేని బాణీ, మధ్యమధ్య జనం "హే" అనడానికి చోటు. సాంకేతికంగా దానికి వంక పెట్టలేం. కానీ ఆ గాయకుడు గ్యారీ గ్లిట్టర్‌కు పిల్లలపై లైంగిక నేరాలకు 2015లో బ్రిటన్‌లో 16 ఏళ్ల శిక్ష పడింది. పిల్లాపాపలతో కుటుంబాలు వచ్చే చోట ఆ పాట వద్దు. "హే" కావాలంటే డ్రమ్ముతో నాలుగు బార్ల సొంత వరస కట్టుకోవడం ఒక సాయంత్రం పని.

శ్రుతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. మంచు ఉష్ణోగ్రత సున్నాకు నాలుగైదు డిగ్రీలు కింద ఉంటుంది. బ్యాండు కూర్చునే మెట్ల మీద గాలి 10 నుంచి 15 డిగ్రీలు. వాద్యం లోపలి గాలి 10 డిగ్రీలు చల్లబడితే శబ్దవేగం తగ్గి శ్రుతి దాదాపు 30 సెంట్లు, అంటే కీబోర్డు మీద ఒక మెట్టులో మూడో వంతు దిగిపోతుంది. బేస్ గిటార్ తీగ దీనికి ఎదురు: చలికి బిగిసి పైకి పోతుంది. వెచ్చటి బ్యాండు గదిలో అందరూ శ్రుతి కలుపుకుని రింకులోకి వస్తే ఐదు నిమిషాల్లో గాలి వాద్యాలు కిందికి, తీగలు పైకి చెరో దారి పడతాయి. మెట్ల మీద కూర్చుని, పది నిమిషాలు ఊది వాద్యం వేడెక్కాకే శ్రుతి కలపాలి. వాయించని సమయంలో కూడా శబ్దం రాకుండా వెచ్చటి ఊపిరి పంపుతూ ఉండాలి. అన్నిటికన్నా ఆలస్యంగా వేడెక్కేది సూసాఫోన్, గొట్టం పొడవు అలాంటిది. అందుకే దాన్ని వాయించేవాళ్లు అందరికన్నా ముందొచ్చి కూర్చోవాలి.

కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లకు ఇంకో మాట. ఇక్కడ ఎక్కువ పాటలు బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎఫ్ శ్రుతుల్లో ఉంటాయి. మన లెక్కలో ఆరున్నర, రెండున్నర, నాలుగు. ట్రంపెట్ కాగితం మీద సి అని ఉంటే వినిపించేది బి ఫ్లాట్, ఆల్టో శాక్స్ మీద సి అంటే ఇ ఫ్లాట్. కాబట్టి పక్కవాడి కాగితం చూసి వాయించకూడదు.

చెక్క క్లారినెట్ రింకుకు తేకండి. లోపల వెచ్చటి తడి ఊపిరి, బయట చలి, రెండింటి మధ్య చెక్క చీలుతుంది. ప్లాస్టిక్‌ది వాడాలి. ఇత్తడి వాద్యాల మౌత్‌పీస్ జేబులో పెట్టుకుంటే పెదవికి చురుక్కుమనదు. వాల్వులకు పల్చటి నూనె వెయ్యాలి, చిక్కటిదైతే చలికి మీట పైకి రాదు. ఊపిరి తడి లోపల నీరై గురగురలాడుతుంది, అందుకని ప్రతి ఈలకూ ముందు నీటి మీట నొక్కి దులపాలి. బేస్ ఆంప్లిఫయర్‌ను తడి నేల మీద పెట్టకుండా కింద రబ్బరు చాప వెయ్యాలి. వయొలిన్, వేణువు ఈ గోలలో వినపడవు. ఆ పిల్లలు తాళం, స్వరజ్ఞానం ఉన్నవాళ్లు కాబట్టి బేస్ గిటార్‌కో, తాళవాద్యాలకో మారితే త్వరగా కుదురుకుంటారు. ముప్పైమంది బ్యాండుకు మేం చెప్పే పొందిక: ట్రంపెట్లు 8, ట్రాంబోన్లు 6, ఆల్టో శాక్స్ 4, టెనర్ 2, క్లారినెట్ 3, మెలోఫోన్ 2, సూసాఫోన్ 3, ఒక డ్రమ్ సెట్టు, ఒక బేస్. కింది స్వరాలు పలచబడితే ట్రంపెట్లు ఎంత ఊదినా పీలగానే ఉంటుంది.

పాటలకు అంకెలు ఉంటాయి. డైరెక్టర్ వేళ్లతోనో చిన్న తెల్లబోర్డు మీదో అంకె చూపిస్తాడు, ఆట ఆగకముందే తర్వాతి పాట అందరికీ తెలిసి ఉండాలి. డైరెక్టర్ బ్యాండు వైపు తిరిగి ఉంటే రింకు కనపడదు, కాబట్టి ముందు వరసలో ఒకరు ఫేసాఫ్ వలయాన్నే (ఇద్దరు ఆటగాళ్ల మధ్య పక్ వేసే చోటునే) చూస్తూ ఉండాలి. లైన్స్‌మన్ (రిఫరీకి సహాయకుడు) పక్ చేత్తో పట్టుకుని వంగగానే సైగ, డైరెక్టర్ పిడికిలి, అందరూ ఆ దెబ్బ మీదే ఆపాలి. ఎక్కువసార్లు ఆగనిది డ్రమ్మరే. తల వంచుకుని వాయిస్తుంటాడు. అతన్ని డైరెక్టర్‌కు ఎదురుగా కూర్చోబెడితే సగం సమస్య తీరుతుంది. మూడో పీరియడ్‌కు ట్రంపెట్ల పెదవులు తేలిపోతాయి, అందుకని పై స్థాయి పాట ఒకటి వాయిస్తే వెంటనే కింది స్థాయిది పెట్టాలి. రింకులో మంచు, గాజు, కాంక్రీటు అన్నీ శబ్దాన్ని తిరగ్గొట్టేవే. స్వరాలు పొట్టిగా తెంపి వాయించకపోతే ప్రతిధ్వనిలో కలగాపులగమవుతాయి.

తెలుగు పాట సంగతి. 2023లో ఆస్కార్ అందుకున్న కీరవాణి 'నాటు నాటు' వాయించమని అడుగుతున్నారు. పాట హాకీకి పనికొస్తుంది: ఒకే మాట తిరిగి తిరిగి వచ్చే పల్లవి, మాట తెలియకపోయినా ఎవరైనా అందుకోగలరు. అయితే నడక తిశ్రం, 6/8. రాక్ పాటల నాలుగు దెబ్బలకు అలవాటుపడ్డ డ్రమ్మర్ మొదట్లో దాన్ని నాలుగులోకి లాగేస్తాడు, ఊపంతా పోతుంది. ముందు రెండు పెద్ద దెబ్బలు, ఒక్కోదానిలో మూడేసి చప్పట్లుగా బ్యాండంతా చేతులతో వేసి చూడాలి. ఈలకు పల్లవి మాత్రమే, చరణాలు విరామానికి. ప్రతిధ్వని వల్ల అసలు వేగం కన్నా కాస్త తగ్గించాలి. ఇంకో సంగతి, అడిగేవాళ్లు తరచూ మర్చిపోయేది: కాలేజీలకు సాధారణంగా ఉండే ఆస్కాప్, బీఎంఐ (పాటల హక్కుల సంస్థలు) లైసెన్సులు పాటను బహిరంగంగా వాయించడానికే. బ్యాండు కోసం కొత్తగా అరేంజ్‌మెంట్ రాయాలంటే పాట హక్కుదారు అనుమతి వేరేగా తీసుకోవాలి. తెలుగు సంఘం నిజంగా సాయం చెయ్యాలనుకుంటే ఆ ఉత్తరాలు రాసి, రుసుము భరించి, రాసిన భాగాలను సెప్టెంబరులోపు డైరెక్టర్ చేతికివ్వాలి. హాకీ అక్టోబరులో మొదలవుతుంది. మ్యాచ్ రోజు ఫోన్‌లో పాట వినిపిస్తే వాయించడం ఏ బ్యాండుకూ సాధ్యం కాదు.

ఈమధ్య చాలా రింకుల్లో ఈల మోగగానే స్పీకర్లలో రికార్డు పాట వేస్తున్నారు. బ్యాండు అప్పుడే ఎత్తుకుంటే రెండూ కలిసి గోలైపోతుంది. వాయించేది బ్యాండా, స్పీకరా అన్నది మ్యాచ్‌కు ముందే సౌండ్ ఆపరేటర్‌తో కూర్చుని తేల్చుకోవాలి: ప్రకటనల విరామాలు స్పీకర్లకు, మామూలు ఈలలు, గోల్స్, పెనాల్టీలు బ్యాండుకు. విద్యార్థులు చలిలో కూర్చుని వాయిస్తుంటే వాళ్ల ఇరవై సెకన్లు కూడా రికార్డుకు ఇచ్చేయడం అన్యాయమని మేం గట్టిగా అంటాం. చూడ్డానికి వెళ్లే తెలుగు కుటుంబాలు ఆ మాట రింకు నిర్వాహకులకు ఒక ఈమెయిల్‌లో రాస్తే బ్యాండుకు మేలు చేసినట్టే.

చాలా పెప్ బ్యాండ్లలో సంగీతం ప్రధాన చదువుగా ఉండాల్సిన పని లేదు, ఇంజినీరింగ్ పిల్లలే ఎక్కువ. సూసాఫోన్, డ్రమ్ సెట్టు లాంటి పెద్దవి సాధారణంగా కాలేజీవే. సూట్‌కేసులో పెట్టుకోవాల్సినవి: సొంత మౌత్‌పీస్, నాలుగు రీడ్లు, వేళ్ల కొసలు తెగిన ఉన్ని గ్లోవ్స్, చెవులకు ప్లగ్గులు. ట్రంపెట్ల ముందు వరసలో కూర్చునేవాళ్లు ఆ చివరిది మర్చిపోకూడదు.

ఇట్లు,
పెప్ బ్యాండ్లలో వాయించే కొందరు తెలుగువాళ్లం,
మిషిగన్, అమెరికా