అయిదు నెలలుగా జవాబు రాని ఫిర్యాదు

హనుమకొండ,
నవంబరు 3.

మేనేజింగ్ డైరెక్టరు గారికి,

విషయం: మీ సంస్థ దగ్గర కొన్న రెండు ప్రయాణపు బ్యాగుల గురించి మే నెల నుంచి నేను చేస్తున్న ఫిర్యాదును పట్టించుకోకపోవడం, మాకు సాయం చేసిన ఒక పెద్దమనిషి చేతిపనిని "అనధికారిక మరమ్మతు" అని పేర్కొంటూ వారంటీ నిరాకరించడం.

అయ్యా,

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని. మావారు కాజీపేట లోకో షెడ్డులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి కిందటి ఏడాది పదవీ విరమణ చేశారు. మా ఇంట్లో ఏ బీరువా మీద చూసినా మీ సంస్థ పేరున్న వస్తువు ఒకటి కనిపిస్తుంది. పిల్లలిద్దరి బడి సంచులు మీవే, అబ్బాయి హైదరాబాదు హాస్టలుకు తీసుకువెళ్లిన పెట్టె మీదే, మా అమ్మాయిని అత్తవారింటికి సాగనంపిన రోజు బట్టలు సర్ది ఇచ్చిన రెండు సూట్‌కేసులూ మీవే. అందుకే ఈ వేసవిలో మేమిద్దరం రైళ్లలో ఉత్తరాదికి బయలుదేరాలనుకున్నప్పుడు మరో దుకాణం వైపు చూడకుండా, ఏప్రిల్‌లో మీ వెబ్‌సైట్‌లోనే రెండు బ్యాక్‌ప్యాక్‌లు కొన్నాము. వాటికి ఏడాది వారంటీ ఉన్నదని మీరే రాశారు.

ఉద్యోగంలో ఉన్నన్ని రోజులూ మావారు ఇంజన్లను సిద్ధం చేసి పంపినవారే తప్ప తీరికగా ఏ బండిలోనూ కిటికీ పక్కన కూర్చున్నవారు కాదు. అందుకని చక్రాల పెట్టెలు, ట్యాక్సీలు, పెద్ద హోటళ్లు ఏవీ వద్దనుకొని, వీపుకు ఒక్కొక్క బ్యాగు తగిలించుకొని పందొమ్మిది రోజులు తిరిగి రావాలని నిర్ణయించుకున్నాము. మే 6న కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. రామగుండంలో మా ఎదుటి బెర్తుల్లోకి ఒక వృద్ధ దంపతులు వచ్చారు. పెద్దపల్లి వైపు ఒక రైస్ మిల్లులో చాలా ఏళ్లు హమాలీగా పనిచేసిన ఆ పెద్దాయన, సైన్యంలో ఉన్న కొడుకు దగ్గరకు ఢిల్లీకి ఒక గోనె సంచి నిండా సన్నబియ్యం తీసుకొని వెళుతున్నారు. మేము కట్టుకెళ్లిన సర్వపిండి, వారు తెచ్చిన మామిడికాయ తొక్కు కలిపి నలుగురమూ తిన్నాము. నాగపూర్ దాటేసరికి నేను ఆయనను కాకా అని, ఆయన నన్ను బిడ్డా అని పిలుచుకునేంత చనువు ఏర్పడింది.

మర్నాడు ఆగ్రా దాటాక, దిగే ముందు సామాను సర్దుకుంటూ నేను నా బ్యాగును బెర్తు కింద నుంచి లాగగానే కుడి భుజం పట్టీ కుట్టు మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. అది కొని అప్పటికి నెల కాలేదు. ఆ పెద్దాయన మారు మాట్లాడకుండా బియ్యం సంచి మూతి కుట్టడానికి వెంట తెచ్చుకున్న దబ్బనం, సుతిలి తాడు తీసి, కదిలే బండిలో కాళ్ల మధ్య బ్యాగు అదిమి పట్టి, ఢిల్లీ చేరేలోపు పట్టీని కుట్టి ఇచ్చారు. డబ్బు ఇవ్వబోతే మావారి చేయి వెనక్కి నెట్టారు. ఆ కుట్టు మిగిలిన ప్రయాణమంతా, ఇంటికి చేరేదాకా ఒక పోగైనా సడలలేదు, ఇప్పటికీ అలాగే ఉంది.

ఇక మీ సంస్థ వైపు నుంచి జరిగినదంతా వరుసగా రాస్తాను. పిల్లల హాజరు రాసే అలవాటు ఉన్నదాన్ని కాబట్టి ప్రతి ఫోను తేదీ, సమయం నా నోటుపుస్తకంలో ఉన్నాయి.

మే 9న అమృత్‌సర్ నుంచి మొదటిసారి మీ కస్టమర్ కేర్‌కు ఫోను చేశాను. తెలుగు కోసం నాలుగు నొక్కమంటే నొక్కాను. ఇరవై ఆరు నిమిషాలు సంగీతం విన్న తరువాత హిందీలో మాట్లాడే ఒక అమ్మాయి వచ్చింది. తెలుగు తెలిసినవారికి కలపమని అడిగితే లైను తెగిపోయింది. రెండోసారి నాకు వచ్చిన హిందీలోనే చెప్పుకున్నాను. ఆ అబ్బాయి బిల్లు నంబరు రాసుకొని, ఒక ఫిర్యాదు సంఖ్య ఇచ్చి, నలభై ఎనిమిది గంటల్లో మాట్లాడతామన్నాడు.

ఆ నలభై ఎనిమిది గంటలూ గడిచేటప్పటికి మేము కాల్కా నుంచి సిమ్లాకు వెళ్లే చిన్న బండిలో ఉన్నాము. 1903లో మొదలై, 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ మార్గాన్ని చూడాలన్నది మావారి చిరకాల కోరిక. ఆ రోజు ఉదయం ఆయన బ్యాగు జిప్పు కూడా పళ్లు విడిపోయి మూతపడకుండా అయింది. తొంభై ఆరు కిలోమీటర్ల దారిలో నూటరెండు సొరంగాలు ఉన్నాయి. సొరంగం వచ్చిన ప్రతిసారీ ఆయన కిటికీలోంచి చూడడం మాని, చీకట్లో బట్టలు, మందులు జారి పడిపోకుండా రెండు చేతులతో బ్యాగును పట్టుకొని కూర్చున్నారు. బరోగ్ దగ్గర కిలోమీటరుకు పైగా సాగే పెద్ద సొరంగం కూడా ఆయనకు అలాగే దాటిపోయింది. మా పక్కన కూర్చున్న కలకత్తా ఉపాధ్యాయిని ఇది గమనించి, తన చీరకు, సంచికి ఉన్న పిన్నీసులన్నీ తీసి ఆ జిప్పు పొడవునా గుచ్చి పెట్టింది. ఆమెకు తెలుగు రాదు, నాకు బెంగాలీ రాదు. అయినా మా అవసరం ఏమిటో ఆమె మమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా వేయకుండా తెలుసుకుంది. సరిగ్గా ఆ బండిలో ఉండగానే నా ఫోనుకు మీ సందేశం వచ్చింది: "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది."

ఎవరు పరిష్కరించారు? మాతో ఎవరు మాట్లాడారు? ఆ మాట అడగడానికి హరిద్వార్ నుంచి మళ్లీ ఫోను చేస్తే, పాత సంఖ్య మూసివేశారు కాబట్టి కొత్త ఫిర్యాదు ఇవ్వమన్నారు. ఇచ్చాను. పట్టీ ముందు వైపు, వెనక వైపు, జిప్పు, బిల్లు ఫోటోలు పంపమన్నారు. పంపాను. స్పష్టంగా లేవన్నారు. లాడ్జి డాబా మీద ఎండలో పెట్టి మళ్లీ తీసి పంపాను. వాటి గురించి ఒక్క మాట లేదు. ఇంటికి వచ్చాక మూడోసారి పంపాను.

హనుమకొండ చౌరస్తాలో మీ డీలరు దుకాణానికి వెళితే, ఆన్‌లైన్‌లో కొన్నవి తాము ముట్టుకోమన్నారు. హైదరాబాదులోని మీ సర్వీసు సెంటరు వెబ్‌సైట్‌లో అడగమంది, వెబ్‌సైట్‌వారు సర్వీసు సెంటరును అడగమన్నారు. ఈ రెండింటి మధ్య జూన్ నెలంతా గడిచింది. బడి విరామంలో, పరీక్ష పేపర్లు దిద్దుతూ, వంటింట్లో ఒక చేత్తో గరిటె పట్టుకొని ఫోను చెవి దగ్గర పెట్టుకొని ఎదురుచూశాను. సూపర్‌వైజరు ఇరవై నాలుగు గంటల్లో ఫోను చేస్తారని నాలుగుసార్లు చెప్పారు. ఒక్కసారీ చేయలేదు. మాట్లాడినవారిలో ఒకరు ఏ ప్రశ్న వేసినా "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అనే వాక్యాన్నే చెప్పారు. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. నా దగ్గర చదువుకున్నవారిలోనూ కొందరు హైదరాబాదులో ఇటువంటి ఉద్యోగాలే చేస్తున్నారు, వారికి ఏ అధికారమూ ఇవ్వరని నాకు తెలుసు. అధికారం ఉన్నవారు ఒక్కరూ ఫోను దగ్గరకు రాకపోవడమే నా కోపానికి కారణం.

జులై 14న మీ నుంచి వచ్చిన ఈమెయిల్ నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. పట్టీ మీద "అనధికారిక మరమ్మతు" జరిగింది కాబట్టి వారంటీ వర్తించదని అందులో రాశారు. ఫోను చేసి అడిగితే, ఆ కుట్లు విప్పేసి పట్టీ ఊడి ఉన్నట్టుగా ఫోటో పంపితే పరిశీలిస్తామన్నారు. అయ్యా, నేను ఆ కుట్లు విప్పను. డెబ్బై ఏళ్ల మనిషి కళ్లద్దాలు కూడా లేకుండా, ఊగే బండిలో రెండుసార్లు దబ్బనం వేలికి గుచ్చుకున్నా ఆపకుండా వేసిన కుట్లు అవి. మీ ఫ్యాక్టరీలో వేసిన కుట్టు నెల కూడా ఆగకపోతే, మాకు ఏమీ కాని మనిషి వేసిన కుట్టు మా ప్రయాణాన్ని నిలబెట్టింది. ఆ సమయంలో మేము ఏం చేసి ఉండాల్సింది? ఢిల్లీ స్టేషను మెట్ల మీద తెగిన బ్యాగు పట్టుకొని మీ సూపర్‌వైజరు ఫోను కోసం నిలబడాలా? ఆయన పనికి మీరు పెట్టిన ఆ పేరు నాకు అవమానంగా తోచింది. ఆ పెద్దాయన మేము తిరిగి వచ్చిన తరువాత మూడుసార్లు ఫోను చేసి, "బిడ్డా, సంచి మంచిగున్నదా? కుట్లు ఊడలేదు గదా?" అని అడిగారు. అమ్మిన మీరు ఒక్కసారి కూడా అడగలేదు.

ఈమెయిల్‌కు అభ్యంతరం చెబుతూ నేను రాసిన రెండు పేజీల ఉత్తరానికి జవాబుగా, కొరియరు మనిషి వచ్చి బ్యాగులు తీసుకువెళతాడని సందేశాలు వచ్చాయి. మొదటి రెండుసార్లు ఎవరూ రాలేదు. మూడోసారి సద్దుల బతుకమ్మ నాడు వస్తారన్నారు. ఆ రోజు మా వాకిట్లో వాడకట్టు ఆడవాళ్లందరమూ చేరి తంగేడు, గునుగు పూలు ముందేసుకొని పొద్దున్నుంచీ బతుకమ్మలు పేరుస్తూ కూర్చున్నాము. గేటు బార్లా తెరిచి ఉంది. మధ్యాహ్నం మూడింటికి నా ఫోనులో సందేశం: "ఇంటికి తాళం వేసి ఉన్నందున పికప్ రద్దు చేయబడినది." పండుగ పూట ఇరవైమంది మనుషులున్న వాకిలిని తాళం వేసిన ఇల్లుగా రాశారు. దానికీ ఫిర్యాదు చేశాను. అది అయిదో ఫిర్యాదు సంఖ్య. మరుసటి వారం ఆ సంఖ్యను కూడా మూసివేసి, మీ సేవకు అయిదు నక్షత్రాలలో ఎన్ని ఇస్తారని అడిగారు.

మీకు గుర్తుచేయవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వినియోగదారుల హక్కులను చెప్పేచోట, తన మాట వినిపించుకునే హక్కును స్పష్టంగా పేర్కొంది. ఆ చట్టం కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ఫిర్యాదు అందినట్టు మీ ఫిర్యాదుల అధికారి నలభై ఎనిమిది గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఈ అయిదు నెలలలో ఆ అధికారి పేరు కూడా నాకు ఎవరూ చెప్పలేదు.

రెండు బ్యాగుల ధర మాకు పెద్ద మొత్తమేమీ కాదు, కొత్త బ్యాగులు పంపి ఈ సంగతి ముగిసిందనుకోవద్దు. డబ్బు వాపసు ఇవ్వడం మీ బాధ్యత, అది ఇవ్వండి. దానికంటే ముందు, బాధ్యత గల అధికారి ఒకరు తన పేరుతో, సంతకంతో, తెలుగులో నాకు ఉత్తరం రాయాలి. జులై 14 నాటి ఈమెయిల్‌లోని ఆ రెండు మాటలను ఉపసంహరించుకుంటున్నామని అందులో ఉండాలి. ఆ ఉత్తరాన్ని పెద్దపల్లికి తీసుకువెళ్లి ఆ పెద్దాయనకు చదివి వినిపిస్తాను.

మా బడిలో పదో తరగతి పిల్లలకు దాతల సాయంతో నలభై సంచులు కొనే పని ఈసారి నాకు అప్పగించారు. మే నెలకు ముందైతే ఆలోచించకుండా మీ దగ్గరే కొనేదాన్ని. మీ జవాబు చూసేదాకా ఆ ఆర్డరు ఎవరికీ ఇవ్వకుండా ఆపుతున్నాను.

ఈ లేఖ స్పీడ్ పోస్టులో మీకు అందిన రోజు నుంచి పదిహేను రోజులు చూస్తాను. ఆ తరువాత 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను. మేము నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి చట్టం అవకాశం ఇస్తోంది, అయిదు లక్షల లోపు విలువకు రుసుము కూడా లేదు. నా నోటుపుస్తకం, అయిదు ఫిర్యాదు సంఖ్యలు, మీ సందేశాలన్నీ, దబ్బనంతో కుట్టిన ఆ బ్యాగు కుట్లు విప్పకుండా, కమిషన్ ముందు పెడతాను. వాదనకు మీ సంస్థ తరఫున ఎవరు వచ్చినా, కనీసం ఆ రోజు ఒక మనిషితో ముఖాముఖి మాట్లాడగలుగుతాను.

ఇట్లు,
తెలుగు ఉపాధ్యాయురాలు,
హనుమకొండ.

జతపరచినవి: బిల్లు నకలు, జులై 14 నాటి ఈమెయిల్ నకలు, నోటుపుస్తకంలోని ఏడు పేజీల నకళ్లు, పట్టీ ఫోటో (కుట్లతో సహా).