సంఘం పదవి విజిటింగ్ కార్డు కోసమేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను భువనగిరి వైపు పద్దెనిమిదేళ్లుగా ప్లాట్లు, ఇళ్లు ఇప్పిస్తున్న మీడియేటర్ని, ఇప్పుడు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి ఏజెంట్ అనాలట, మా ఆవిడ మాత్రం ఇంకా బ్రోకర్ అనే అంటుంది. మా ఏరియాలో మాకో సంఘం ఉంది, అందులో రెండు టర్ములు జాయింట్ సెక్రటరీగా చేశాను. జీతం లేదు, భత్యం లేదు, పైగా మీటింగ్ ఉన్న రోజే సైట్ విజిట్ పడితే ఆ పార్టీ ఇంకొకడి చేతికి పోతుంది. మళ్లీ ఎలక్షన్లు దగ్గరకొచ్చాయి కాబట్టి ఈ సంగతి మా వాళ్లతో పాటు ప్లాట్లు కొనేవాళ్లకి కూడా తెలియాలని రాస్తున్నాను.

మా ఎలక్షన్ అంటే రెండు ప్యానెళ్లు, ఫంక్షన్ హాల్లో చికెన్ బిర్యానీ, గెలిచిన మర్నాడే హైవే మీద ఫ్లెక్సీ, ఎమ్మెల్యే గారికి శాలువా కప్పుతున్న ఫొటో అందరి స్టేటస్‌లో. ఆ తర్వాత కొత్త విజిటింగ్ కార్డు, దాని మీద సంఘం లోగో పెద్దది, మనిషి పేరు చిన్నది. కస్టమర్ ఆ లోగో చూసే టోకెన్ ఇస్తాడు, చాలామందికి పదవితో ఉన్న పని అంతే.

అందరూ అంతే అనను. 2020లో ఎల్ఆర్ఎస్ (పర్మిషన్ లేని లేఅవుట్ల ప్లాట్లని క్రమబద్ధం చేసే స్కీమ్) పెట్టినప్పుడు తెలంగాణ మొత్తం మీద 25 లక్షలకు పైగా అప్లికేషన్లు పడ్డాయి, ఆ రోజుల్లో మా ఆఫీసులో ముగ్గురు నలుగురు కుర్రాళ్లు రాత్రి పదకొండింటి దాకా కూర్చుని ఊరి జనాలకి ఫారాలు నింపి పెట్టారు, ఒక్కడూ ఒక్క రూపాయి తీసుకోలేదు. వాళ్లలో ఒక్కడు కూడా ఇప్పటిదాకా ఏ పదవికీ గెలవలేదు, "వీడికి బిజినెస్ లేదు అందుకే సంఘం ఆఫీసులో కూర్చుంటాడు" అని వెనకాల నవ్వుకోవడం వేరే.

ఆ అలవాటు మీదే మేం ముగ్గురం ప్రతి శనివారం పొద్దున ఒక బల్ల వేసుకుని కూర్చునేవాళ్లం, ఎవరైనా సరే కొనబోయే ప్లాటు కాగితాలు తెచ్చి చూపించుకోవచ్చు, ఫీజు లేదు, చాయ్ కూడా మాదే. పోయిన ఏడాది ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్ రెక్జిన్ సంచిలో రంగుల బ్రోచర్, అడ్వాన్స్ రసీదు పట్టుకొచ్చాడు. బ్రోచర్ నిండా మామిడి చెట్లు, స్విమ్మింగ్ పూల్, రెండు గుంటల ఫామ్ ప్లాట్ అని పెద్ద అక్షరాలు. గుంట అంటే 121 గజాలు, రెండు గుంటలంటే 242 గజాలు, "బిడ్డకి ఇల్లు కట్టిద్దామని తీసుకున్న సార్" అన్నాడు. రిజిస్ట్రేషన్ ఎక్కడ చేస్తామన్నారు అని అడిగితే తహసీల్దార్ ఆఫీసులో అన్నాడు, అక్కడే తేలిపోయింది, ఎందుకంటే 2020 పట్టాదారు పాస్ పుస్తకాల చట్టం వచ్చినప్పటి నుంచి మన దగ్గర వ్యవసాయ భూమి అయితే తహసీల్దార్ దగ్గర, ఇళ్ల ప్లాటు అయితే సబ్ రిజిస్ట్రార్ దగ్గర. అంటే ఆయన కొంటున్నది కాగితం మీద ఇంకా పొలమే. ఎల్పీ నంబర్ (లేఅవుట్ పర్మిషన్ నంబర్) లేదు, రెరా నంబర్ లేదు, ఇంటికి పర్మిషన్ ఎలా వస్తుంది?

అడ్వాన్స్ రసీదు మీద సంతకం చూస్తే మా సంఘం పెద్ద ఒకాయన కింద పనిచేసే కుర్రాడిది.

ఈసీ మీటింగులో అడిగాను (ఈసీ అంటే ఎగ్జిక్యూటివ్ కమిటీ, మా వాళ్లకి ఆస్తి మీద అప్పులు, అమ్మకాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెటే ముందు గుర్తొస్తుంది). "మనలో మనకెందుకన్నా, రేపు నువ్వూ అమ్మాలి కదా" అన్నారు, అంతటితో అయిపోయింది. కండక్టర్ గారికి మూడు నెలలు తిప్పి సగం డబ్బులు ఇచ్చారు.

సీఏలకి 1949 చట్టంతో ఇన్‌స్టిట్యూట్ ఉంది, లాయర్లకి 1961 చట్టంతో బార్ కౌన్సిల్ ఉంది, తప్పు చేస్తే పిలిచి అడిగేవాళ్లు వాళ్ల వృత్తిలోనే ఉన్నారు. మాకు అలాంటిది లేదు. రెరా 2016 చట్టంలో రిజిస్ట్రేషన్ లేకుండా ఏజెంట్ పని చేస్తే రోజుకి పదివేలు, అమ్మిన ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా అని ఉంది, మంచిదే, కానీ ఊరూరా తిరిగి ప్రతి బ్రోచర్ రెరా ఆఫీసు చూడగలదా? ఎవడు ఏ వెంచర్ అమ్ముతున్నాడో చాయ్ హోటల్ దగ్గరే మాకు తెలిసిపోతుంది, కాబట్టి ఆపగలిగేది కూడా మేమే. అదే చట్టం 32వ సెక్షన్లో బిల్డర్ల సంఘాలు, వినియోగదారుల సంఘాలు పెట్టే వేదికల్లో గొడవలు రాజీతో తీరే మార్గాల మీద రెరా ప్రభుత్వానికి సిఫార్సులు చేయాలని రాసి ఉంది, ఈ మాట మా మీటింగుల్లో ఎవరి నోటా వినలేదు. మాది బిల్డర్ల సంఘం కాదు నిజమే, కానీ మేం కూడా అలాంటి బల్ల ఒకటి వేస్తే వద్దనేదెవరు, వినియోగదారుల వైపు నుంచి ఒకరిని కూర్చోబెట్టుకుంటే కండక్టర్ లాంటివాళ్లు మూడు నెలలు తిరగక్కర్లేదు కదా.

ఫ్రీగా చేసే పనికి ఇన్ని రూల్సా అని మా వాళ్లు అంటారు. ఫ్రీగా చేస్తున్నాం కాబట్టే కావాలి అంటాను నేను, జీతం తీసుకునేవాడినైతే తీసేస్తామని భయపెట్టొచ్చు, పదవిని గౌరవం అనుకునేవాణ్ణి ఏమని అడుగుతారు? అందుకే ముందే బైలాస్‌లో, అంటే సంఘం నియమావళిలో, రాసుకోవాలి, పదవిలో ఉన్నన్ని రోజులు రెరా నంబర్ లేని వెంచర్ ముట్టుకోనని, తనకి కమీషన్ వచ్చే గొడవ ముందుకొస్తే ఆ రోజు కుర్చీ దిగుతానని, రెండు టర్ములు అయ్యాక ఇంకొకరికి ఇస్తానని. మాది సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయిన సంఘం, ఏటా జనరల్ బాడీలో లెక్కలు పెట్టాలి, నాకు గుర్తున్నంత వరకు లెక్కలు చదివింది ఒకేసారి, అదీ బిర్యానీ వడ్డిస్తున్న టైములో. నేను కూడా అప్పుడు ప్లేటు పట్టుకునే ఉన్నాను, ఒప్పుకుంటాను.

మీతో కూడా ఒక మాట. ప్రాజెక్టు ప్రకటనలో రెరా వెబ్‌సైట్, రిజిస్ట్రేషన్ నంబర్ కనబడేలా వేయాలని ఆ చట్టంలోనే ఉంది. ఆదివారం ప్రాపర్టీ పేజీల్లో యాడ్ తీసుకునేటప్పుడు పేపర్లవాళ్లు ఆ నంబర్ అడిగితే మా శనివారం బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు సగానికి తగ్గుతారు. ఆ బల్ల కూడా ఇప్పుడు లేదనుకోండి, నా టర్ము అయిపోయింది, ఆఫీసు తాళం చెవి ఇంకా నా దగ్గరే ఉంది, ఎవరూ అడగలేదు.

ఇట్లు,
ఒక ఏజెంట్, భువనగిరి