మన కాలనీ ఇళ్ల అలారాల నిర్వహణ: 2025-26 జమా ఖర్చుల వివరణ

అందరికీ నమస్కారం. 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 దాకా అలారాల ఖాతాలోకి ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్నది కింద రాస్తున్నాను. "దొంగ ఒక్కడూ రాలేదు కదా, మరి ఇంటికి 2,500 చందా దేనికండీ" అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఉత్త అంకెలు అంటించి ఊరుకోకుండా కొంచెం వివరంగానే చెబుతాను. ఓపిక లేనివాళ్లు అంకెలు చూసుకుని వదిలేయొచ్చు, కానీ చివర్లో వచ్చే ఏడాది చందా గురించి ఉంది, అది మాత్రం చదవండి, తర్వాత మీటింగులో "మాకెవరూ చెప్పలేదు" అనొద్దు.

జమ
నిరుటి నిల్వ 11,340
33 ఇళ్లు పూర్తి చందా (2,500 చొప్పున) 82,500
2 ఇళ్లు సగం చందా 2,500
డల్లాస్‌లో ఉంటున్న మన కాలనీ కుటుంబం విరాళం 10,000
పాత ప్యానెల్ (అలారాన్ని నడిపించే పెట్టె) బ్యాటరీలు 14 అమ్మగా (150 చొప్పున) 2,100
బ్యాంకు వడ్డీ 412
మొత్తం 1,08,852

ఖర్చు
ఏడాది సిమ్ రీచార్జి, 26 సిమ్‌లు (1,849 చొప్పున) 48,074
ప్యానెల్ బ్యాకప్ బ్యాటరీలు 14 17,120
సెన్సర్లకు సీఆర్ 123ఏ బ్యాటరీలు 58 (260 చొప్పున) 15,080
రిమోట్లకు, చిన్న సెన్సర్లకు సీఆర్ 2032 బిళ్లలు 40 (45 చొప్పున) 1,800
టెక్నీషియన్ సర్వీసు, 36 ఇళ్లకు రెండు సార్లు (ఇంటికి 150) 10,800
మధ్యలో పిలిచిన కాల్స్ 11 (300 చొప్పున) 3,300
డోర్ సెన్సర్లు 9 (420 చొప్పున) 3,780
మోషన్ సెన్సర్లు 2 (1,350 చొప్పున) 2,700
సైరన్లు 3 (850 చొప్పున) 2,550
టేపు, సిలికాన్, క్లీనింగ్ స్పిరిట్ వగైరా 640
సర్వీసు రోజుల్లో టీ, టిఫిన్ 480
బ్యాంకు చార్జీలు, జిరాక్సులు 215
మొత్తం 1,06,539

నిల్వ 2,313. ఇందులో బ్యాంకులో 1,983, నా చేతిలో 330 ఉన్నాయి.

ముందు పెద్ద పద్దు సంగతి. ఖర్చులో దాదాపు సగం సిమ్‌లకే పోయింది, అది చూసి కొందరు ఉలిక్కిపడ్డారు. మన 36 ఇళ్లలో 26 ఇళ్ల ప్యానెల్ లోపల సిమ్ ఉంటుంది. తలుపు తెరుచుకున్నా, గదిలో మనిషి కదిలినా సెన్సర్ వైర్‌లెస్‌గా ప్యానెల్‌కి చెబుతుంది, ప్యానెల్ సైరన్ మోగించి, మనం పెట్టిన నంబర్లకి ఫోన్ చేసి మెసేజి పంపుతుంది. సిమ్‌లో రీచార్జి అయిపోతే సైరన్ మామూలుగానే మోగుతుంది, ఫోన్ మాత్రం ఎవరికీ వెళ్లదు. ఊళ్లో లేనివాళ్లకి ఆ సైరన్ వల్ల ఉపయోగం ఏముంటుంది చెప్పండి? ఇదివరకు ఎవరి రీచార్జి వాళ్లే చేసుకునేవాళ్లు, 84 రోజులకోసారి గుర్తుపెట్టుకోవాలి, సగం మంది మర్చిపోయేవాళ్లు. పైగా అలారానికి అక్కర్లేని డేటాకి కూడా డబ్బు కట్టేవాళ్లం. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రూలు మార్చి, డేటా లేకుండా మాటలకీ మెసేజీలకీ మాత్రమే విడిగా ప్లాన్లు పెట్టమని కంపెనీలకి చెప్పింది, 2025 జనవరి నుంచి అవి వచ్చాయి. 1,849కి 365 రోజుల ప్లాన్ అలా వచ్చిందే. అన్ని సిమ్‌లకీ ఒకే రోజు వేయించేశాం, ఇప్పుడు అందరిదీ ఒకే తేదీకి అయిపోతుంది కాబట్టి ఒక్క తేదీ గుర్తుంటే చాలు. సిమ్‌లు ఎవరి పేరు మీద వాళ్లవే, కమిటీ రీచార్జి మాత్రమే చేస్తుంది.

ఇక్కడే ఒక మాట. మన 26 ప్యానెళ్లూ 2జీ రకం. మూడో వీధిలో ఒకరు ఏదో ఆఫర్ చూసి నంబరును 4జీ మాత్రమే ఉన్న నెట్‌వర్క్‌కి మార్చుకున్నారు, ప్యానెల్‌కి సిగ్నల్ పోయింది, "సెట్టు చెడిపోయింది, కొత్తది కొనాలా" అని ఫోన్. చెడిపోలేదు, ఆ నెట్‌వర్క్ ఆ సెట్టుకి అందదు, అంతే. దయచేసి నంబరు మార్చేముందు ఒకసారి అడగండి.

బ్యాటరీల మీద ప్రశ్నలు ఇంకా ఎక్కువ వచ్చాయి. ఆన్‌లైన్‌లో 110కే దొరికే బ్యాటరీని 260 పెట్టి ఎందుకు కొన్నారు అని ఒకాయన గట్టిగానే అడిగారు. జూన్ సర్వీసులో టెక్నీషియన్ ఆయన ఇంట్లోనే చూపించాడు. ఆయన సొంతంగా వేసుకున్న చవక బ్యాటరీని మీటర్ పెట్టి చూస్తే దాదాపు 3 వోల్టులు చూపించింది, చూడ్డానికి నిక్షేపంగా ఉంది. దాన్ని సెన్సర్‌లో పెట్టి, ముందు నుంచి నడిచి, సెన్సర్ సిగ్నల్ పంపే క్షణంలో మీటర్ చూస్తే ముల్లు ఒక్కసారిగా కిందికి పడిపోయింది. లోపల లైటు ఎర్రగా వెలిగింది గానీ ప్యానెల్ దగ్గర ఏ చప్పుడూ లేదు. ఊరికే ఉన్నప్పుడు వోల్టేజి చూపించినంత మాత్రాన బ్యాటరీలో సత్తా ఉన్నట్టు కాదు, సిగ్నల్ పంపడానికి ఒక్క క్షణం కాస్త ఎక్కువ కరెంటు లాగాలి, అక్కడే చవకవి చేతులెత్తేస్తాయి. ఆ రోజు నుంచి ఆయన మళ్లీ అడగలేదు, అది వేరే సంగతి.

ఇంకో ఇంట్లో చార్జింగ్ పెట్టుకునే రకం వేశారు, మళ్లీ మళ్లీ కొనక్కర్లేదు కదా అని. చూడ్డానికి అదే సైజు, కానీ అది నిండా చార్జి అయితే 4 వోల్టులు దాటుతుంది, సెన్సర్ 3 వోల్టులకి చేసింది. మోషన్ సెన్సర్ కాలిపోయింది. కొత్త సెన్సర్ డబ్బు ఆ ఇంటివారే కట్టారు, అందుకే ఆ పద్దు పై లెక్కలో లేదు. లెక్కలో ఉన్న రెండు మోషన్ సెన్సర్లు వేరేవి, వాటి సంగతి తుఫాను దగ్గర చెబుతాను.

డోర్ సెన్సర్లు తొమ్మిది మార్చాల్సి రావడం నాకూ ఎక్కువే అనిపించింది, అందుకే విప్పినప్పుడు దగ్గరుండి చూశాను. కాకినాడలో సముద్రం వైపు ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, ఇనప గ్రిల్లు రెండేళ్లకే పొరలు పొరలుగా లేస్తుంది. సెన్సర్ మూత తీస్తే బ్యాటరీ ఆనే స్ప్రింగు మీద పచ్చగా చిలుము, వేలితో ముట్టుకుంటే పొడిగా రాలింది, స్ప్రింగు చివర సగం తినేసి ఉంది. చిలుము కొద్దిగా ఉన్నవాటిని స్పిరిట్‌తో తుడిచి బాగు చేశాడు, స్ప్రింగు పోయినవాటినే మార్చాం. పాతవి తొమ్మిదీ నా దగ్గర కవర్లో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఆ 640లో ఎక్కువ భాగం ఈ స్పిరిట్, టేపులే. వానాకాలంలో టేకు తలుపులు కూడా ఉబ్బుతాయి, తలుపు గట్టిగా పడక, సెన్సర్ పక్కన అంటించే అయస్కాంతానికీ సెన్సర్‌కీ మధ్య సందు పెరిగితే తలుపు వేసి ఉన్నా తెరిచి ఉందనే ప్యానెల్ అనుకుంటుంది. దానికి సెన్సర్ మార్చక్కర్లేదు, అయస్కాంతాన్ని కాస్త జరిపి అంటిస్తే సరిపోతుంది, నాలుగైదు ఇళ్లలో అలాగే చేశాం.

ప్యానెల్ బ్యాటరీలు. పాత రకం ప్యానెల్ ఉన్న 14 ఇళ్లకి 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ ఉంటుంది. జులైలో ఆరు కొన్నాం, ఒక్కొక్కటి 1,280, మొత్తం 7,680. నవంబరులో ఎనిమిది కొన్నాం, అదే షాపు, అదే కంపెనీ, ఒక్కొక్కటి 1,180, మొత్తం 9,440. ధర తేడా ఏంటి అని ఆడిట్ చూసినవారు అడిగారు. సెప్టెంబరు 22 నుంచి ఈ రకం బ్యాటరీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, వెయ్యి రూపాయల వస్తువు మీద వంద తేడా అలా వచ్చింది. రెండు బిల్లులూ ఫైల్లో పక్కపక్కనే పెట్టాను. డల్లాస్ వారు ఇచ్చిన 10,000 బ్యాకప్ బ్యాటరీలకే వాడమన్నారు, పాతవి అమ్మిన 2,100 కూడా దీనికే వేశాం, కాబట్టి చందాల్లోంచి పోయింది 5,020 మాత్రమే.

నవంబరులో ఎనిమిది ఒకేసారి ఎందుకంటే మొంథా తుఫాను. అక్టోబరు 28 రాత్రి తుఫాను తీరం దాటింది కదా, కరెంటు పోయాక కొత్త బ్యాటరీలు వేసిన ఇళ్లలో ప్యానెళ్లు మర్నాడు కూడా వెలుగుతూనే ఉన్నాయి. పాతవాటిలో కొన్ని తెల్లారకముందే ఆరిపోయాయి. ఇళ్లు ఖాళీ చేసి బంధువుల దగ్గరికి వెళ్లినవాళ్లకి ఆ రాత్రి ఉన్న టెన్షన్ మామూలుది కాదు, ఫోన్ సిగ్నల్ కూడా సరిగా లేదు. అందరూ ఒక్క గొంతుతో "ముందు బ్యాటరీలు మార్చేయండి" అంటేనే కొన్నాం, ఇప్పుడు అవే నోళ్లు ఖర్చెక్కువైంది అంటున్నాయి. స్లాబు కారి నీళ్లు చేరిన రెండు మోషన్ సెన్సర్లు, వాన నీళ్లు పోయిన ఒక సైరన్ కూడా తుఫాను ఖాతానే. మిగతా రెండు సైరన్లు తుప్పుకే పోయాయి.

ఇక 11 కాల్స్. ఇందులో మూడే అసలు రిపేర్లు, ఆ మూడు సైరన్లవి. రెండు సిమ్, నంబరు మార్పుల గొడవ. ఒకటి టేపు ఊడి సెన్సర్ కింద పడింది. ఒకటి బల్లి. మోషన్ సెన్సర్ చూసేది ఒంటి వేడి ఎటు కదులుతోందన్నది, బల్లి సరిగ్గా దాని ముఖం మీదికి ఎక్కి కూర్చుంటే దానికి అది మనిషంత కనబడుతుంది. సెన్సర్ చుట్టూ సందులు సిలికాన్‌తో మూసి, దగ్గరున్న ట్యూబులైటు రాత్రిపూట వెలిగించొద్దని చెప్పాం, పురుగులు రాకపోతే బల్లీ రాదు. మిగిలిన నాలుగు కాల్స్ చదివితే మీకే నవ్వొస్తుంది: ప్యానెల్ ప్లగ్గు తీసి ఫోన్ చార్జింగ్ పెట్టుకున్నారు, తర్వాత మళ్లీ పెట్టలేదు. నాలుగిళ్లలో! 1,200 రూపాయలు ప్లగ్గు పెట్టినందుకు ఇచ్చాం. ఆ 1,200తో పోయేది కూడా కాదు, కరెంటు లేకుండా రోజుల తరబడి వదిలేస్తే ప్యానెల్ బ్యాకప్ బ్యాటరీ పూర్తిగా దిగిపోతుంది, అలా ఒకసారి చచ్చిన బ్యాటరీ మళ్లీ పూర్తిగా కోలుకోదు. జులైలో మార్చిన ఆరింటిలో రెండు ఇలాంటివే అని టెక్నీషియన్ చెప్పాడు.

సంక్రాంతికి సగం కాలనీ కోనసీమ వైపు వెళ్లిపోతుంది కాబట్టి రెండో సర్వీసు డిసెంబరులోనే చేయించాం. కనుమ రోజు ఒక ఇంట్లో సైరన్ మోగింది, ఎదురింటి మామయ్యగారు తాళాలు తీసుకుని వెళ్లి చూస్తే వంటింటి కిటికీ తీసి ఉంది, పిల్లి ఫ్రిజ్ మీద కూర్చుంది. చిన్న జంతువుల్ని వదిలేసే సెన్సరే అది, కానీ పిల్లి దాని ఎత్తుకి ఎక్కేస్తే పట్టుకుంటుంది. దీనికి టెక్నీషియన్‌ని పిలవలేదు, ఖర్చు సున్నా. ఆ ఇంటివాళ్లు తాళాలు పక్కింట్లో ఇచ్చి వెళ్లారు, మిగతావాళ్లలో ఎంతమంది ఇచ్చారో మీకే తెలియాలి. సైరన్ మోగితే వెళ్లి చూసేవాళ్లు లేనప్పుడు ఎంత మంచి సెట్టు పెట్టినా దండగే.

ఈ ఏడాది మన ఇళ్లలో దొంగతనం జరగలేదు. అది అలారాల వల్లే అని నేను రాయను, ఎవరికీ తెలియదు. ఎక్కువ రోజులు ఊరెళ్లేవాళ్లు పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ గురించి కూడా స్టేషన్‌లో అడగండి, తాళం వేసిన ఇంటికి వాళ్లే కెమెరా పెట్టి గమనించే ఏర్పాటు అది, డబ్బు తీసుకోరు. అనుమానం వస్తే ముందు 112కి చెయ్యండి, తర్వాత నాకు.

వచ్చే ఏడాది సంగతి. ఇంటికి సగటున 2,959 ఖర్చయింది, తీసుకున్నది 2,500. నిరుటి నిల్వ, విరాళం ఉండబట్టి గట్టెక్కాం, ఈసారి నిల్వ 2,313 మాత్రమే. సిమ్ లేని 10 ఇళ్లవాళ్లు, అంటే వైఫై మీద నడిచే సెట్లున్నవాళ్లు, "మా సిమ్ ఖర్చు లేనప్పుడు మాకూ అంతేనా" అని అడిగారు, నా లెక్కలో అది న్యాయమైన ప్రశ్నే. అందుకని కమిటీ ప్రతిపాదన ఇది: ప్రతి ఇంటికీ 1,500, సిమ్ ఉన్నవాళ్లు అదనంగా 1,850. వైఫై ఇళ్లకి వెయ్యి తగ్గుతుంది, సిమ్ ఇళ్లకి 850 పెరుగుతుంది. ప్యానెల్ బ్యాటరీలు ఈ ఏడాదే మార్చేశాం కాబట్టి 1,500లో కొంత మిగులుతుంది, దాన్ని మళ్లీ వాటికోసమే పక్కన పెడతాం. ప్లగ్గు తీసిన కాల్ అయితే 300 ఆ ఇంటివాళ్లే ఇవ్వాలి, దీని మీద మాత్రం బేరాల్లేవు.

బాకీలు 5,000 ఉన్నాయి, రెండు ఇళ్లు 1,250 చొప్పున, ఒక ఇల్లు పూర్తిగా 2,500. పేర్లు ఇక్కడ రాయడం లేదు, ఎవరో వాళ్లకి తెలుసు, ఏప్రిల్ 30లోగా కట్టేస్తే మంచిది. వాడేసిన లిథియం బ్యాటరీలు చెత్తబుట్టలో వేయకుండా రెండు కొసలకీ టేపు అంటించి వాచ్‌మన్ గదిలో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేయండి. బిల్లులు, బ్యాంకు పాస్‌బుక్, పాత సెన్సర్ల కవర్ ఆదివారం సాయంత్రం 5 నుంచి 7 దాకా కమ్యూనిటీ హాల్లో ఉంటాయి, మీటింగు 7కి.

కోశాధికారి,
కాలనీ అలారాల నిర్వహణ కమిటీ, కాకినాడ