మా ఆవిడ ఇంటికొచ్చింది, అందరికీ వందనాలు

ప్రభువు నామంలో పాస్టర్ అయ్యగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల మైత్రి అక్కలకు, యూత్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు వందనాలు. డెంగీతో ఆసుపత్రిలో ఉన్న మా ఆవిడ డిశ్చార్జ్ అయ్యి ఇంటికొచ్చింది. ఇంకా నీరసంగానే ఉంది, మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. కానీ ప్లేట్‌లెట్ల (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాల) కౌంట్ లక్ష దాటింది, దేవునికి స్తోత్రం. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాలని కూర్చుంటే సగం మంది నంబర్లే నా దగ్గర లేవు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

డెంగీ అంటే జ్వరం ఉన్నన్నాళ్ళే భయం అనుకుంటాం. సికింద్రాబాద్‌లో చూసిన డాక్టరమ్మ మాత్రం ముందే చెప్పింది, జ్వరం తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజులే అసలు కనిపెట్టుకుని ఉండాల్సినవి అని. అన్నట్టే అయింది. మా ఆవిడ ఒళ్ళు చల్లబడింది, ఇడ్లీ తింటానంది. సాయంత్రానికి చిగుళ్ళ నుంచి రక్తం. రిపోర్టు చూస్తే ప్లేట్‌లెట్లు 9 వేలు. అంతకుముందు 20 వేలు ఉన్నప్పుడు ఎక్కించమని నేను బతిమాలితే, రక్తం కారనప్పుడు అక్కర్లేదన్న డాక్టరమ్మే ఇప్పుడు వెంటనే దాతను చూసుకోమంది. బొప్పాయి ఆకు రసం పట్టించమని ఫోన్ చేసినవాళ్ళందరికీ కూడా థ్యాంక్స్. ప్రేమతోనే చెప్పారని తెలుసు.

ప్లేట్‌లెట్లతో ఉన్న చిక్కేమిటంటే వాటిని దాచుకోలేం. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో నెల పైన ఉంటాయి. ఇవి 20 నుంచి 24 డిగ్రీల దగ్గర, ఆగకుండా ఊగే అరల మీద పెట్టినా 5 రోజులే. ఊరంతా డెంగీ ఉన్న వానాకాలంలో ఆ అరల మీద ఏం మిగులుతుంది? మనిషే రావాలి. ఆ మనిషి బ్లడ్ గ్రూపు సరిపోవాలి, చేతి నరం బాగా దొరకాలి, గత 3 రోజుల్లో ఆస్పిరిన్ లాంటిది వేసుకుని ఉండకూడదు, ఏదైనా తిని రావాలి, రక్తంలోంచి ప్లేట్‌లెట్లు మాత్రం తీసే మిషన్ పక్కన గంటో గంటన్నరో కదలకుండా కూర్చోవాలి.

నాకు చేతులు ఆడలేదు. మన యూత్ సెక్రటరీ తమ్ముడు ఒకటే మాటన్నాడు, "అన్నా, నువ్వు వదిన దగ్గరే ఉండు, మేం చూసుకుంటాం." తర్వాత అతని ఫోన్‌లో ఉన్న లిస్టు చూశాను. పేరు, బ్లడ్ గ్రూపు, ఉండే ఏరియా, చివరిసారి రక్తం ఇచ్చిన తేదీ. ఆ పక్కనే ఇంకో గడి: రాత్రి పిలవొచ్చా, లేదా? ఆ గడి చూసి నాకు మాట రాలేదు. మా అవసరం పుట్టకముందే ఎవరో ఆ ప్రశ్న అడిగి, ఎవరో "పిలవొచ్చు" అని జవాబిచ్చి ఉన్నారు.

ఆ రాత్రి వాన. రసూల్‌పురా దగ్గర నీళ్ళు నిలిచాయి. మల్కాజిగిరి నుంచి వచ్చిన మొదటి తమ్ముడు పంటి నొప్పికి ముందురోజే మాత్ర వేసుకున్నాడట, వద్దన్నారు. అయినా వెళ్ళలేదు, తెల్లారేదాకా నా పక్కనే కుర్చీలో కూర్చున్నాడు. రెండో అతనికి నరం సరిగ్గా దొరకలేదు. అతనే తన ఆఫీసులో పనిచేసే ముషీరాబాద్ భాయ్‌ని పిలిపించాడు. ఏమైనా తిన్నారా అని నర్సు అడిగితే "మీవాళ్ళు ఫోన్‌లోనే చెప్పారు, తినే వచ్చాను" అన్నాడు. చేతులు పట్టుకుని థ్యాంక్స్ చెప్పబోతే, గంట సేపు కూర్చోవడమే కదా అన్నా అని నవ్వేశాడు.

ఆసుపత్రి బెంచీ మీద బైబిల్లో మత్తయి సువార్త 25వ అధ్యాయం మళ్ళీ చదివాను. పెళ్ళికొడుకు కోసం దివిటీలతో ఎదురుచూసిన పదిమంది కన్యకల ఉపమానం ఎన్ని ప్రసంగాల్లో విన్నామో లెక్కలేదు. "మెలకువగా ఉండుడి" అంటే ఉపవాస కూడికలు, రాత్రి ప్రార్థనలు, ఆకాశం వైపు చూపు, నాకు తోచింది అంతే. కానీ ప్రభువు ఆ అధ్యాయాన్ని అక్కడ ఆపలేదు. తలాంతుల (యజమాని దాసులకు అప్పగించిన డబ్బు) గురించి చెప్పి, చివరికి "రోగినై యుంటిని, నన్ను చూడవచ్చితిరి" దగ్గరికి తెచ్చాడు. అక్కడ నీతిమంతులు ఎప్పుడు ప్రభువా, మేమెప్పుడు చేశాం అని తెల్లబోతారు. గంట సేపు కూర్చోవడమే కదా అన్న మాటకు, దీనికి పెద్ద తేడా ఏముంది?

క్రియల వల్ల రక్షణ వస్తుందని నేననడం లేదు, పెద్దలు కంగారుపడకండి. ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో, రక్షణ కృపచేతనే, క్రియల వల్ల కాదనే 8, 9 వచనాలు సండే స్కూల్లో అప్పజెప్పినవాళ్ళమే అందరం. మనం ఆగిపోయేది పదో వచనం ముందు. అందులో దేవుడు ముందుగా సిద్ధపరచిన సత్క్రియలని ఉంది. మా పూర్వీకులది మెదక్ వైపు. అక్కడి చర్చిని మిషనరీ పాస్నెట్ దొరగారు కరువు రోజుల్లో జనానికి పని చూపించి, అన్నం పెట్టి కట్టించారని మా నాయనమ్మ చెప్పేది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిందని మనందరికీ తెలుసు. ఆమెకు మాత్రం గోపురం కంటే ఆ అన్నం గురించే ఎక్కువ చెప్పాలని ఉండేది.

ప్రార్థన చేసినవాళ్ళను తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. రాత్రి రెండింటికి పాస్టరమ్మగారు ఫోన్‌లో చేసిన ప్రార్థనే నన్ను నిలబెట్టింది. ఆ అమ్మగారే పొద్దున ఆరింటికి ఫ్లాస్కులో గంజి పంపించారు, ఉప్పు వేరేగా పొట్లం కట్టి. బిల్లు దగ్గర ఆదుకున్నవాళ్ళు పేరు చెప్పొద్దన్నారు, చెప్పను.

రక్తం ఇవ్వగలిగినవాళ్ళు యూత్ లిస్టులో పేరు రాయించండి. మగవాళ్ళు 90 రోజులకు, ఆడవాళ్ళు 120 రోజులకు ఒకసారి ఇవ్వొచ్చు. నా పేరు రాయించాను, రాత్రి కూడా పిలవొచ్చని పెట్టించాను. శనివారం సాయంత్రం ఇంట్లో స్తోత్ర కూడిక, అందరూ రావాలి. వచ్చేటప్పుడు మీ టిఫిన్ బాక్సులు గుర్తుపట్టి తీసుకెళ్ళండి. ఒకే రకం స్టీలు డబ్బాలు నాలుగున్నాయి, ఎవరిదేదో మా ఆవిడకే తెలియడం లేదు.