ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఖర్చు ఎవరిస్తారండి?

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా అత్తయ్యగారికి 74 ఏళ్ళు, పోయినేడాది పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. ఆసుపత్రి ఖర్చు వైద్యసేవ కార్డు మీద అయిపోయింది, గట్టెక్కాం అనుకున్నాం గానీ అంబులెన్స్‌లో ఇంటికి తెచ్చాకే అసలు ఖర్చు మొదలైందండి. పుండ్లు పడకుండా ఎయిర్ బెడ్డు, డైపర్లు, ఫిజియోథెరపీ, పగలు చూసుకునే మనిషికి నెలకి 15 వేలు, రాత్రి నేను. ఇన్సూరెన్స్ ఉన్న మా ఆడపడుచు వాళ్ళ మావగారి విషయంలోనూ ఇంతే, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ డబ్బులొచ్చాయి, ఇంట్లో ఒళ్ళు తుడిచి అన్నం పెట్టే మనిషి జీతానికి పైసా రాలేదు. 70 దాటినోళ్ళకి 5 లక్షల ఆయుష్మాన్ కార్డు కూడా వైద్యానికేగాని ఇలాంటి సేవకి కాదని చాలామందికి తెలీదు.

ఎక్కడైనా ఉంచుదామని నాలుగు వృద్ధాశ్రమాలు అడిగాం. సొంతంగా నడిచి బాత్రూంకి వెళ్ళగలిగితేనే చేర్చుకుంటాం అన్నారు, మరి నడవగలిగితే మేమెందుకు అడుగుతామండి?

మాకు ఆసరా అయినవి రెండే. ఒకటి, మావయ్యగారు బతికుండగానే పోస్టాఫీసులో అత్తయ్య పేరున సీనియర్ సిటిజన్ స్కీంలో వేసిన 10 లక్షలు, 8.2 శాతం వడ్డీ మీద మూడు నెలలకోసారి 20,500 వస్తాయి. రెండోది పక్షవాతంతో మంచానికే పరిమితమైనోళ్ళకి ప్రభుత్వమిచ్చే నెలకి 15 వేల పింఛను. అది ఉందనే మాకు నాలుగు నెలల దాకా తెలీదు, మామూలు 4 వేల పింఛనే తీసుకుంటున్నాం, గ్రామ సచివాలయంలో ఓ అమ్మాయి చెప్తే అప్పుడు వైకల్యం ఎంతుందో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ కోసం తిరిగాం. ఆ నాలుగు నెలల్లో నా గాజులు తాకట్టులోకి వెళ్ళాయి.

పెద్దవాళ్ళకి ఇల్లు తాకట్టు మీద ఇచ్చే రివర్స్ మార్ట్‌గేజ్ అనే అప్పు ఉందట, బతికున్నన్నాళ్ళూ కట్టక్కర్లేదు, బ్యాంకే నెలనెలా ఇస్తుందట. కానీ ఇల్లు స్వార్జితమై ఉండాలి. మాది తాతలనాటి మండువా ఇల్లు, కాబట్టి కుదరలేదు.

పెద్దలకి నాదో మాట, కోడలిని అయ్యుండి చెప్తున్నాను. పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉన్నారని, అడిగారని, కొబ్బరితోటా ఇల్లూ తొందరపడి రాసెయ్యకండి. రాస్తే మమ్మల్ని చూసుకోవాలన్న షరతు గిఫ్ట్ డీడ్‌లోనే రాయించండి, చూడకపోతే తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం చేసిన 2007 చట్టం కింద ఆర్డీవో గారి దగ్గర ట్రిబ్యునల్లో దాన్ని రద్దు చేయించుకోవచ్చు. మా వీధిలోనే ఒకాయన షరతు లేకుండా రాసేసి ఇప్పుడు మందులకి చెయ్యి చాస్తున్నాడు, చూడలేకపోతున్నామండి.

అదే చట్టంలో జిల్లాకొకటన్నా 150 మంది పట్టే వృద్ధాశ్రమం పెట్టొచ్చని ఉంది. మా కోనసీమలో మంచంలో ఉన్నోళ్ళని కూడా చేర్చుకునేది ఒక్కటైనా పెట్టమని అధికారుల్ని అడగండి. అంతవరకు ఎక్కడెక్కడ చేర్చుకుంటారో, నెలకి ఎంత తీసుకుంటారో జిల్లా పేజీలో వేయండి, మాలాంటోళ్ళు ఫోన్లు పట్టుకుని నాలుగూళ్ళు తిరిగే పని తప్పుద్ది.

ఇట్లు,
ఓ కోడలు, కోనసీమ