మా హెచ్‌ఎం మేడమ్‌కి, తల్లులందరి తరఫున

పొంగల్ సెలవుల తర్వాత మా పిల్లల బడి మళ్ళీ సొంత బిల్డింగ్‌లోకి వచ్చేసింది. జూన్ నుంచి ఇప్పటిదాకా ఒకదాని మీద ఒకటి ఎన్నో మార్పులు వచ్చాయి. అయినా భయపడి మధ్యలో టీసీ తీసుకున్న ఇల్లు మా వీధిలో ఒక్కటి కూడా లేదు. దానికి కారణం మా హెడ్‌మిస్ట్రెస్ మేడమ్. ఈ మాట ఎదురుగా చెబితే "నా డ్యూటీయే కదమ్మా" అని పనిలో పడిపోతారు. అందుకే నలుగురూ చదివే చోట రాస్తున్నాను. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చెన్నై ఓల్డ్ వాషర్‌మెన్‌పేటలో, కొరుక్కుపేటలో తెలుగు పిల్లల్ని చదివించుకుంటున్న వాళ్ళకి ఎవరి గురించో వేరే చెప్పక్కర్లేదు.

మాది ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఉన్న చిన్న ఎయిడెడ్ బడి. నేనూ అక్కడే చదువుకున్నాను. ఇప్పుడు మా పాప ఐదు, చిన్నోడు రెండు చదువుతున్నారు. తాతల కాలం నుంచి చెన్నైలోనే ఉన్న మాలాంటి కుటుంబాలు కొన్ని, నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి పని వెతుక్కుంటూ ఈ మధ్యే వచ్చిన కుటుంబాలు కొన్ని. కొత్తగా వచ్చిన తల్లులకి తమిళం చదవడం రాదు. ఇక్కడే పుట్టిన కొందరికి తమిళం తప్ప తెలుగు అక్షరాలు రావు. ఏ అక్షరాలూ రాని వాళ్ళూ ఉన్నారు. పైనుంచి వచ్చే సర్క్యులర్ తమిళంలో ఉంటుంది. దాన్ని నోటీసు బోర్డుకి అంటిస్తే బడి తన పని చేసినట్టే. కానీ మాలో సగం మందికి విషయం తెలియదు. మేడమ్ వచ్చినప్పటి నుంచి ఆ పద్ధతి లేదు.

పోయిన ఏప్రిల్‌లో, ఏడాది పరీక్షలు ఇంకా అవకముందే మమ్మల్ని పిలిపించారు. పగలు పిలిస్తే ఎవరూ రాలేరు. సగం మంది ఎక్స్‌పోర్ట్ కంపెనీల్లో కుట్టుపనికి, మిగతావాళ్ళు ఇళ్ళల్లో పనికి వెళ్తారు. అందుకని సాయంత్రం ఆరున్నరకి ఒక మీటింగు, దానికి రాలేని వాళ్ళ కోసం ఆదివారం పొద్దున ఇంకోటి పెట్టారు. స్లాబు పెచ్చులు ఊడుతున్నాయని, రిపేరు అయ్యేదాకా పిల్లల్ని ఆ గదుల్లో కూర్చోబెట్టకూడదని ఇంజినీరు చెప్పారట. కాబట్టి జూన్ 2న బడి తెరిచేసరికి క్లాసులు టీహెచ్ రోడ్డు (తిరువొత్తియూర్ హై రోడ్డు) అవతల ఇంకో బిల్డింగ్‌లో జరుగుతాయన్నారు. ఊడిన పెచ్చు ముక్కని కవర్లో పెట్టి తెచ్చి మా చేతికే ఇచ్చి చూపించారు. నాలుగు వేళ్ళ మందం ఉంది. "ఇది మీకు చూపించకుండా బడి మారుస్తున్నామంటే ఇంకేదో ఉందనుకుంటారు" అన్నారు.

ఎన్ని నెలలు పడుతుందని ఎవరో అడిగారు. "నాలుగు నెలలంటున్నారు. నాకైతే నమ్మకం లేదు. పొంగల్ దాకా అనుకునే మీ ఏర్పాట్లు చేసుకోండి" అన్నారు. సరిగ్గా పొంగల్ దాకానే పట్టింది. ఆ రోజు మా నమ్మకం కోసం "దీపావళికల్లా వచ్చేస్తాం" అని ఉంటే, దీపావళి దాటిన మర్నాటి నుంచి ఆవిడ చెప్పే ఏ మాటా ఎవరూ వినేవాళ్ళు కాదు.

గేటు దగ్గర బోర్డు గురించి తప్పకుండా చెప్పాలి. పాత నల్లబల్ల ఒకటి తెచ్చి గేటు పక్కన గోడకి కొట్టించారు. పైన తేదీ. కింద తెలుగులో, దాని కింద తమిళంలో, సుద్దముక్కతో పెద్ద అక్షరాలు. రెండు భాషల్లోనూ చివర ఒక గీత గీసి "ఇంకా తేలనివి" అని రాసేవారు. "నాలుగో క్లాసుకి కొత్త టీచర్: ఆర్డర్ రాలేదు. మళ్ళీ సోమవారం కనుక్కుంటాను." సోమవారం కూడా ఆర్డర్ రాకపోతే తేదీ మార్చి అదే మాట మళ్ళీ రాసేవారు. నాకు అన్నిటికంటే ధైర్యం ఇచ్చింది ఆ గీత కింద రాతలే. తెలియనిది తెలియదని రాసే మనిషి, తెలిసినదాన్ని దాచరు కదా.

చదవలేని వాళ్ళ కోసం వాట్సాప్‌లో వాయిస్ పంపేవారు. రాత్రి ఎనిమిది తర్వాతే, అందరూ ఇళ్ళకి చేరాక. "అమ్మా, నేను హెచ్‌ఎంని మాట్లాడుతున్నాను" అని మొదలుపెట్టి, ఒక వాయిస్‌లో ఒకే విషయం చెప్పేవారు. మా పక్కింటి అక్క అది రెండుసార్లు విని, వాళ్ళ అత్తగారికి కూడా వినిపించేది. వానాకాలంలో సెలవు అని, లేదు అని ఫోన్లలో తిరిగే ఫోటోలకి లెక్కుండదు. కలెక్టర్ ప్రకటన వచ్చిందని మేడమ్ వాయిస్ వస్తే తప్ప మా వీధిలో ఎవరూ పిల్లల్ని ఇంట్లో ఉంచేవాళ్ళు కాదు.

మా అందరి టెన్షన్ రోడ్డు గురించే. టీహెచ్ రోడ్డు మీద హార్బర్ వైపు వెళ్ళే కంటైనర్ లారీలు ఎలా వస్తాయో ఇక్కడివాళ్ళకి తెలుసు. పెద్దవాళ్ళకే గుండె ఆగినంత పనవుతుంది. మా ఆయన అయితే పాపని కావలి దగ్గర మా అత్తగారింట్లో పెట్టి చదివిద్దామని దాదాపు నిర్ణయించేశారు. మే నెల చివర్లో, ఆ ఎండలో, మేడమ్ తల్లులందరినీ వెంటబెట్టుకుని పాత బిల్డింగ్ నుంచి కొత్త చోటికి నడిపించారు. సర్ త్యాగరాయ కాలేజీ మెట్రో స్టేషన్ వైపు నుంచి వచ్చేవాళ్ళు ఎక్కడ దాటాలి, ఏ కొట్టు ముందు పిల్లలు గుంపుగా ఆగాలి, ఏ సందు మలుపులో బైకులు చూడకుండా దూసుకొస్తాయి, అన్నీ ఆగి ఆగి చూపించారు. మా ఆయన కూడా వచ్చారు. "నాయనా, నీకు ఇంకా భయంగానే ఉంటే పాపని పంపించు, నేనేమీ అనను. టీసీ అడిగిన రోజే ఇస్తాను. కానీ మొదటి వారం చూసి చెప్పు" అన్నారు. పిల్లని ఆపాలని ఒక్క మాట కూడా వేయలేదు. మొదటి వారం రోజూ పొద్దున ఆవిడే రోడ్డు పక్కన నిలబడ్డారు. కావలి మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

ఆగస్టులో ఇంకో మార్పు వచ్చింది. ముఖ్యమంత్రి అల్పాహార పథకం 2022 సెప్టెంబర్‌లో మొదలైనా, మాలాంటి నగరాల్లోని ఎయిడెడ్ బడులకి వచ్చింది 2025 ఆగస్టు 26న. అందరూ సంతోషించాలి నిజానికి. కానీ మాలో రకరకాల అనుమానాలు. టిఫిన్ తినకపోతే అటెండెన్స్ వేయరేమోనని ఒకరికి. అంత పొద్దున్నే పిల్లని ఎలా లేపాలని ఇంకొకరికి. "మా పిల్లకి మేం పెట్టుకోలేమా" అని మనసులో నొచ్చుకున్న వాళ్ళు ఇంకొందరు. ఈ మూడోది ఎవరూ పైకి అనలేదు. మేడమ్ కనిపెట్టారు.

ఆ మీటింగులో ఆవిడ చెప్పిన మాట నేను మా చుట్టాలందరికీ చెప్పాను. ఈ ఊళ్ళో కార్పొరేషన్ బడి పిల్లలకి మొట్టమొదట మధ్యాహ్న భోజనం పెట్టింది 1920లో, థౌజండ్ లైట్స్ బడిలో. పెట్టించింది అప్పుడు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టి గారు. మన తెలుగువాడు, మన వాషర్‌మెన్‌పేట మనిషి. టీ నగర్‌కి, మన వీధి చివర కాలేజీకి ఉన్నది ఆయన పేరే. "నూరేళ్ళ కిందట మనవాడు మొదలుపెట్టిన పని మన బడికి వస్తే మొహం చాటేసుకుంటారా?" అన్నారు. ఆ మాటకి అందరం నవ్వేశాం. తర్వాత మెల్లగా వివరాలు చెప్పారు. తినడం ఇష్టం ఉంటేనే. అటెండెన్స్‌కి దానికి సంబంధం లేదు. ఉప్మా, కిచిడీ, పొంగల్, సాంబారు. మొదటి రోజు మేం కూడా వచ్చి రుచి చూడొచ్చు. కొరుక్కుపేట రైల్వే గేటు పడితే అటు పిల్లలు ఇరుక్కుపోతారని, వాళ్ళ వంతు మూతపెట్టి ఉంచమని వంటమ్మకి మా ముందే చెప్పారు. మా చిన్నోడు ఇంట్లో ఉప్మా అంటే మూతి తిప్పుకునేవాడు. అక్కడ స్నేహితులతో కూర్చుని రెండోసారి పెట్టించుకుంటున్నాడట.

వదంతుల విషయంలోనూ ఆవిడకి రుణపడి ఉన్నాం. 2024 డిసెంబర్‌లో "ఇక ఐదో క్లాసులో ఫెయిల్ చేస్తారు" అని ఫోన్లలో ఒకటే గోల. మాకు ఆ భయం ఊరికే రాలేదు. 2019లో మా పెద్దోడు ఐదులో ఉన్నప్పుడు ఐదుకి, ఎనిమిదికి పబ్లిక్ పరీక్షలన్నారు. 2020 ఫిబ్రవరిలో రద్దు చేసేదాకా వాడికి సరిగ్గా నిద్ర లేదు, మాకూ లేదు. అప్పటికి ఈ మేడమ్ రాలేదు. ఈసారి మాత్రం వార్త వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే వాయిస్ వచ్చింది. కేంద్రం మార్చిన రూలు కేంద్రం నడిపే బడులకి, తమిళనాడులో ఎనిమిది దాకా ఫెయిల్ చేయరని మన రాష్ట్ర మంత్రి చెప్పారు, పిల్లల ముందు ఈ మాట ఎత్తకండి అని. అప్పుడు పాప నాలుగులో ఉంది. తన చెవిన పడకుండానే ఆ గొడవ చల్లబడింది.

అలాగే "తెలుగు బడి మూసేస్తారట" అన్న మాట ప్రతి ఏడూ వస్తుంది. మేడమ్ దానికి కోప్పడరు, లెక్క చెబుతారు. ఆగస్టు 1 నాటికి రిజిస్టర్‌లో ఎంతమంది పిల్లలుంటే దాన్ని బట్టి టీచర్ పోస్టులు నిర్ణయిస్తారని, పిల్లలు తగ్గితే పోస్టు పోతుందని, పోస్టు పోతే రెండు క్లాసులు ఒకే గదిలో కూర్చోవాల్సి వస్తుందని. ఈ ఏడాది సంఖ్య ఎంతో, కిందటేడాది ఎంతో బోర్డు మీదే రాశారు. మూయరని మాట ఇవ్వలేదు. లెక్క తెలిశాక మా వీధిలో ఇద్దరు తల్లులు చుట్టుపక్కల తిరిగి కొత్త పిల్లల్ని చేర్పించారు.

ఇక నా సొంత సంగతి ఒకటి. జూన్‌లో పాప ఆరుకి వెళ్ళాలి. ఏ బడిలో వేయాలో తెలియక అడిగితే, ఒక తెల్లకాగితం తీసుకుని నా పక్కన కూర్చుని రాసిచ్చారు. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలోనే చదివితే మెడికల్ సీట్లలో 7.5 శాతం కోటా ఉంటుంది, అది 2020లో వచ్చింది. పుదుమై పెణ్ పథకంలో అలా చదివిన ఆడపిల్లలకి కాలేజీలో నెలకి 1000 రూపాయలు వస్తాయి. ఎయిడెడ్ బడుల్లో తమిళ మీడియం పిల్లలకి కూడా దాన్ని తర్వాత ఇచ్చారు. తెలుగు మీడియంలోనే ఉంచితే ఏం వస్తుంది, ఏం పోతుంది. 2006 చట్టం వల్ల తమిళం ఎలాగూ తప్పదు కాబట్టి ఈ సెలవుల్లో ఏం చదివించాలి. దగ్గర్లో తెలుగు ఒక సబ్జెక్టుగా ఉన్న హైస్కూళ్ళు ఏవి. అన్నీ రాశాక, "ఇందులో ఏది మంచిదో నేను చెప్పను. నీ పిల్ల, మీ ఇల్లు. మీ ఆయనతో కూర్చుని మాట్లాడుకో" అన్నారు. ఆ కాగితం నుంచి ఇప్పటికే ముగ్గురు తల్లులు కాపీ తీసుకున్నారు.

వాన రోజుల్లో పిల్లల్ని చెయ్యి పట్టి రోడ్డు దాటించిన వాచ్‌మన్ అన్నకి, గేటు పడినప్పుడు టిఫిన్ మూతపెట్టి ఉంచిన వంటమ్మకి, ఇరుకు గదుల్లో రెండు క్లాసులు పక్కపక్కన పెట్టుకుని గొంతు పోయేలా పాఠాలు చెప్పిన టీచర్లకి కూడా మా నమస్కారాలు.

మేడమ్, ఆరున్నరకి మా కోసం మీటింగు పెట్టిన రోజుల్లో మీరు ఇంటికి ఎప్పుడు చేరేవారో మేం ఎప్పుడూ అడగలేదు. మీ ఇంట్లో వాళ్ళకి కూడా మా కృతజ్ఞతలు చెప్పండి. చిన్నోడు ఇంకా మూడేళ్ళు మీ దగ్గరే ఉంటాడు. బోర్డు మీద తమిళం రాయడానికి మనిషి కావాలంటే నాకు చెప్పండి, సాయంత్రాలు నేను వచ్చి రాస్తాను.